అద్దాల మీద చెమ్మ: డీహ్యూమిడిఫయర్ కొనేముందు అటక ఎక్కి చూడండి

గోడలకూ పైకప్పుకూ మంచి ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర) చేయించి, రెండు పొరల అద్దాల కిటికీలు పెట్టించిన తరువాత కూడా చలికాలంలో పొద్దున్నే అద్దాల అడుగున నీళ్ళు నిలుస్తున్నాయనీ, పడకగది మూలలో నల్లటి బూజు మొదలైందనీ రాసి, ఎంత సామర్థ్యం గల డీహ్యూమిడిఫయర్ కొనాలని మీరు అడిగారు. ఇప్పుడే ఏదీ కొనకండి. ఆ యంత్రం గాలిలోని నీటిని పట్టి డబ్బాలో నింపుతుందే గాని, ఆ నీరు ఎక్కడ పుడుతున్నదో, బయటికి ఎందుకు పోవడం లేదో చెప్పదు. నేను చూసిన ఇలాంటి ఇళ్ళన్నిటిలోనూ తేమను బయటికి పంపే ఏర్పాటు ఉన్నట్టే కనిపిస్తుంది, తిరుగుతున్నట్టే వినిపిస్తుంది, కాని తేమ మాత్రం ఇంట్లోనే ఉంటుంది.

ముందుగా నీటి లెక్క చూడండి. నలుగురు ఉండే ఇంట్లో ఊపిరి, చెమట, స్నానాలు, వంట, బట్టలు ఆరబెట్టడం అన్నీ కలిపి రోజుకు సుమారు 10 లీటర్ల నీరు ఆవిరిగా గాలిలో కలుస్తుంది. వాషింగ్ మెషీన్ పిండి ఇచ్చిన తరువాత కూడా ఒక విడత బట్టల్లో 2 లీటర్ల దాకా నీరు మిగిలే ఉంటుంది. వాటిని గదిలో ఆరేస్తే ఆ నీరంతా గదిలోకే వస్తుంది. గ్యాస్ పొయ్యి ఉన్నవారి విషయంలో ఇంకొక మాట ఉంది: కిలో ఎల్‌పీజీ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది, గిన్నెల్లోంచి లేచే ఆవిరి దానికి అదనం. ఇక పడకగదిలో ఇద్దరు తలుపు మూసుకొని రాత్రంతా నిద్రపోతే వారి ఊపిరి, చర్మం ద్వారానే అర లీటరుకు పైగా నీరు గాలిలో చేరుతుంది. 40 ఘనపు మీటర్ల గదిలో, 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర, గాలి పట్టగలిగిన ఆవిరి మొత్తం 700 గ్రాములకు మించదు. అందులో దాదాపు సగం వాళ్ళు పడుకునేటప్పటికే నిండి ఉంటుంది. పాత ఇళ్ళలో కిటికీ సందులు, తలుపు సందులు, పొగగొట్టాలు ఎవరికీ తెలియకుండా ఈ లెక్కను సరిచేసేవి. ఆ సందులన్నీ మూసేసిన ఇంట్లో ఆ పని మరొకటి ఏదైనా చేయాలి.

మా ఇంట్లో ఆ పని చేయవలసిన ఫ్యాను ఏం చేసిందో చెబుతాను. మేముండేది చలికాలపు రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నాకు బాగా దిగువకు పోయే చోట. అటకలో మందంగా ఇన్సులేషన్ పరిపించిన తరువాత వచ్చిన మొదటి చలికాలంలో, స్నానాల గది పక్కన నడవలో, సీలింగు మీద గోధుమ రంగు మరక కనిపించింది. చూసినవారందరూ పైకప్పు కారుతోందన్నారు. పైకప్పు పనివారు వచ్చి, తల పంకించి, కొన్ని పెంకులు మార్చి, కూలి తీసుకొని వెళ్ళిపోయారు. మరక మాత్రం పెరుగుతూనే వచ్చింది. నాకు అనుమానం కలిగించింది దాని వేళ. వాన పడిన రోజుల్లో అది పొడిగా ఉండేది. ఆకాశం నిర్మలంగా ఉండి, రాత్రి గడ్డకట్టే చలి పెట్టి, మర్నాడు మధ్యాహ్నం చక్కగా ఎండ కాసిన రోజుల్లోనే తడిసేది. ఎండ వచ్చినప్పుడే కారే పైకప్పును నేనెక్కడా చూడలేదు.

అలాంటి ఒక రాత్రి గడిచాక, ఇంకా ఎండ పైకప్పు మీదికి రాకముందే, టార్చి పట్టుకొని అటక ఎక్కాను. స్నానాల గదికి సరిగ్గా పైన ఉన్న పైకప్పు చెక్కల అడుగుభాగమంతా తెల్లగా మంచు పేరుకొని ఉంది. చెక్కల్లోంచి కిందికి పొడుచుకొచ్చిన ప్రతి మేకు కొన మీదా ఒక మంచు పూస వేలాడుతోంది. ఎగ్జాస్ట్ ఫ్యాను గాలిని కప్పు దాటించి బయటికి తీసుకుపోవలసిన అల్యూమినియం మడతల గొట్టం, కప్పుకున్న రంధ్రం నుంచి ఊడిపోయి, ఇన్సులేషన్ మీద నోరు తెరుచుకొని పడి ఉంది. దాని చుట్టూ ఇన్సులేషన్ తడిసి, ముద్దగట్టి, సగం మందానికి అణగిపోయింది. కిందినుంచి మా ఆవిడ ఫ్యాను వేయగానే వెచ్చని ఆవిరి నేరుగా నా ముఖానికి కొట్టింది, కళ్ళజోడు మసకబారింది. స్నానం చేసినవారికి మాత్రం అద్దం మీది ఆవిరి నిమిషాల్లో తొలగిపోతోంది కనుక ఆ ఫ్యానును అనుమానించే కారణమే కనిపించేది కాదు. అది గదిలోంచి తేమను నమ్మకంగా లాగుతోంది, అంతే నమ్మకంగా మా నెత్తి మీద దాస్తోంది.

ఇన్సులేషన్ లేని రోజుల్లో కూడా ఆ గొట్టం ఊడిపోయి ఉండవచ్చు, కాని అప్పుడు ఇంటి వేడి అటకలోకి పారిపోయి చెక్కలను వెచ్చగా ఉంచేది, ఆవిరి ఎలాగో బయటపడేది. ఇన్సులేషన్ తన పని తాను సక్రమంగా చేసి వేడిని కిందే ఆపేసరికి అటక బయటి గాలంత చల్లబడింది, ఆవిరి చెక్కలకు అంటుకొని మంచయింది, ఎండకు కరిగి సీలింగు మీద పడింది. ఇన్సులేషన్ వేసిన సంస్థవారు ఎన్ని అంగుళాలు పరిచారో కొలిచి కాగితం మీద సంతకం చేసి ఇచ్చారు గాని, ఆ గొట్టాన్ని దాటుకుంటూ తిరిగిన వాళ్ళలో ఒక్కరికీ దాని కొన ఎక్కడుందో చూడాలని తోచలేదు. దాన్ని మొదట బిగించిన మహానుభావుడు క్లాంపు వేయకుండా గుడ్డ టేపు చుట్టి వదిలేశాడు. జిగురు ఎండిపోగానే అది జారిపోయింది. లోహపు క్లాంపుతో బిగించి, గొట్టం చుట్టూ ఇన్సులేషన్ తొడిగి, లోపల చేరే నీరు వెనక్కి ఫ్యానులోకి రాకుండా బయటివైపుకు కొద్దిగా వాలు పెట్టించాక ఆ మరక మళ్ళీ తడవలేదు.

కనుక మీరు మొదట చేయవలసింది ఇంట్లోని ప్రతి ఎగ్జాస్ట్ ఫ్యానునూ దాని చివరి కొన దాకా వెతుక్కుంటూ వెళ్ళడం. జాలీకి పలుచని కాగితం పెడితే అతుక్కుంటుంది, నిజమే, కాని దాని వల్ల లాగుతోందని మాత్రమే తెలుస్తుంది. ఎక్కడికి పంపుతోందో తెలియాలంటే ఫ్యాను వేసి ఉంచి, బయటికి వెళ్ళి గోడకో కప్పుకో ఉన్న రెక్క తెరుచుకుంటున్నదో లేదో చూడాలి. స్నానాల గది తలుపు కింద 10 మిల్లీమీటర్లయినా సందు లేకపోతే లోపలికి గాలి రాదు, గాలి రాకపోతే ఎంత గొప్ప ఫ్యానైనా ఉన్నచోటనే గింగిరాలు తిరుగుతుంది. స్నానం అయిన తరువాత కూడా కనీసం పావుగంట అది తిరగాలి. వంటింట్లో పొయ్యి పైన ఉన్న చిమ్నీకి బయటికి పోయే గొట్టం ఉందో లేదో కూడా చూడండి. నూనెను, వాసనను వడపోసి అదే గాలిని తిరిగి వంటగదిలోకి వదిలే రకాలు ఆవిరిని ఒక్క చుక్క కూడా తగ్గించవు. అయినా వాటిని కూడా చిమ్నీ అనే పేరుతోనే ఎలా అమ్ముతున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బయట మంచు కురుస్తున్నప్పుడు కిటికీ తెరిస్తే ఇంకా తేమ వస్తుందనే భయం చాలామందికి ఉంది. అది చలికాలంలో నిరాధారం. సున్నా డిగ్రీల గాలి పూర్తిగా తడిసి ఉన్నా ఘనపు మీటరుకు 5 గ్రాముల లోపే నీటిని మోస్తుంది. 20 డిగ్రీల గాలి 17 గ్రాములకు పైగా మోయగలదు. అందువల్ల బయటి చల్లగాలి లోపలికి వచ్చి వేడెక్కేసరికి దాని తేమ, అంటే పట్టగలిగినదానిలో ఉన్న వాటా, 30 శాతం లోపుకు పడిపోతుంది. ఎదురెదురుగా రెండు కిటికీలు బార్లా తెరిచి అయిదు, పది నిమిషాలు ఉంచితే గాలి మారిపోతుంది, గోడల్లో నిలిచిన వేడి మాత్రం పోదు. దీనికి విరుద్ధంగా ఒక కిటికీని వేలెడు సందుతో రోజంతా వదిలేసేవారు ఆ కిటికీ చుట్టూ ఉన్న గోడను చల్లబరిచి, సరిగ్గా అక్కడే బూజును పెంచుకుంటారు. వేసవిలో బయట ఉక్కగా ఉన్నప్పుడు ఈ లెక్క తలకిందులవుతుంది. అప్పుడు కిటికీలు మూసి ఎయిర్ కండిషనర్‌తోనో, డీహ్యూమిడిఫయర్‌తోనో తేమ తీయవలసిందే.

మీ అద్దాలను కొంచెం శ్రద్ధగా గమనిస్తే చాలా సంగతులు తెలుస్తాయి. గది 20 డిగ్రీలు, తేమ 50 శాతం ఉన్నప్పుడు 9 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఉపరితలం మీదే నీరు పడుతుంది. తేమ 65 శాతానికి చేరితే 13 డిగ్రీల దగ్గరే పడుతుంది. బయట సున్నా ఉన్నప్పుడు ఒంటి పొర అద్దం లోపలి ముఖం 5 డిగ్రీల దాకా దిగిపోతుంది, సాధారణ రెండు పొరల అద్దం 12, 13 డిగ్రీల దగ్గర ఆగుతుంది. కాబట్టి మీ రెండు పొరల అద్దం మధ్యలో కూడా నీరు పడుతున్నదంటే మీ గదిలో తేమ ఎక్కడుందో మీరే లెక్కగట్టవచ్చు. అడుగు అంచున మాత్రమే సన్నగా పడితే అది అంచులోని లోహపు పట్టీ చలువ, అంత భయపడవలసింది కాదు. రాత్రి దళసరి తెరలు వేస్తే గది వేడి అద్దానికి అందక అది మరింత చల్లబడుతుంది. నీరు రెండు అద్దాల నడుమ చేరితే సీలు పోయిందని అర్థం, దానికి అద్దం మార్చడమే మందు. బయటి ముఖం మీద చేరితే మాత్రం సంతోషించండి: లోపలి వేడి అక్కడిదాకా రావడం లేదన్నమాట.

గోడలు ఊపిరి తీసుకోవాలి, మీరు వాటి ముక్కు మూసేశారు అని మీతో ఎవరైనా అని ఉంటే ఆ మాటను పట్టించుకోకండి. మ్యూనిక్‌లో ఆరోగ్యశాస్త్రవేత్త మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ 1858లో ఇళ్ళలోని గాలిని బొగ్గుపులుసు వాయువుతో (కార్బన్ డయాక్సైడ్‌తో) కొలిచి, అది వెయ్యి పాళ్ళలో ఒక పాలు దాటకూడదని చెప్పిన గొప్పవాడే. కాని ఇటుక గోడల గుండా కూడా గాలి మారుతుందని ఆయన నమ్మిన నమ్మకం ఆయన శాస్త్రం కంటే గట్టిగా నేటికీ బతికి ఉంది. గోడ గుండా పోయే ఆవిరి, గాలి మారడం వల్ల పోయే ఆవిరితో పోలిస్తే లెక్కలోకి రాదు. గాలి చొరబడని ఇంటిని మొదట కట్టినవారికి ఈ సంగతి బాగా తెలుసు: కెనడాలోని రెజైనాలో 1977లో కట్టిన సస్కాచెవాన్ కన్జర్వేషన్ హౌస్‌లో, పోయే గాలి వేడిని వచ్చే గాలికి అందించే యంత్రాన్ని ఇంటితోపాటే పెట్టారు, జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 1991లో కట్టిన తొలి పాసివ్ హౌస్‌లోనూ (అతి తక్కువ వేడితో సరిపెట్టుకునే ఇంట్లోనూ) అంతే. తరువాత వచ్చినవారు ఇంటిని బిగించడం వరకు నేర్చుకొని, గాలి యంత్రాన్ని ఖర్చు తగ్గించే పేరుతో వదిలేశారు. ఉన్న ఇళ్ళలోనైనా, చప్పుడు చేస్తోందని దాన్ని ఆపేసేవారు, ఏళ్ళ తరబడి ఫిల్టరు మార్చనివారు తక్కువేమీ లేరు.

బూజుకు నీటి బొట్లు కూడా అక్కరలేదు. గోడ ఉపరితలం దగ్గర తేమ 80 శాతం దాటి కొన్నాళ్ళు నిలిస్తే చాలు. బయటి గోడకు ఆనించిన బీరువా వెనుకకు గది వేడి చేరదు కనుక అక్కడ అది ఇట్టే దాటుతుంది. బీరువాను నాలుగైదు అంగుళాలు ముందుకు జరపండి. డబ్బు మిగులుతుందని పడకగదిని వేడి చేయకుండా వదిలేసి, సాయంత్రం తలుపు తీసి హాలులోని వెచ్చదనాన్ని అందులోకి పంపే అలవాటుంటే మానుకోండి, ఎందుకంటే ఆ వెచ్చదనంతోపాటు హాలులోని ఆవిరి కూడా వెళ్ళి చల్లని మూలల్లో దిగుతుంది.

ఇవన్నీ చేసిన తరువాత కూడా తేమ దిగకపోతే అప్పుడు డీహ్యూమిడిఫయర్ గురించి ఆలోచించండి. కొత్తగా కట్టిన ఇల్లయితే కాంక్రీటు, ప్లాస్టరు పూర్తిగా ఆరడానికి ఏడాది, రెండేళ్ళు పడుతుంది కనుక ఆ కాలంలో దాని అవసరం నిజంగానే ఉంటుంది. 15 డిగ్రీల కంటే చల్లగా ఉండే గదికి కంప్రెసరు రకం సరిగా పనిచేయదు, తేమను పీల్చుకునే చక్రం ఉన్న డెసికెంట్ రకం తీసుకోవాలి.

దానికంటే ముందు గాలిలో తేమను కొలిచే ఒక చిన్న హైగ్రోమీటరు కొని పడకగదిలో పెట్టండి. చలికాలంలో 40, 50 శాతం మధ్య ఉంటే చాలు. చవక మీటర్లు అబద్ధాలాడతాయి కనుక దాన్ని ఒకసారి పరీక్షించండి. సీసా మూతలో ఉప్పు పోసి, కరగకుండా ముద్దయ్యేంత మటుకే నీటి చుక్కలు వేసి, మీటరుతో కలిపి గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో ఒక రాత్రి ఉంచితే అది 75 శాతం చూపాలి. 70 చూపితే, ఇకపై దాన్ని చూసిన ప్రతిసారీ 5 కలుపుకోండి.