పెళ్లిలో అసలు పెళ్లి అయ్యేది ఎప్పుడు?

వచ్చే ఫాల్గుణంలో మీ పెళ్లి అన్నారు. "పెళ్లి జరిగినట్టు లెక్క జీలకర్ర బెల్లం పెట్టినప్పుడా, తాళి కట్టినప్పుడా?" అని ఇంట్లో రెండు పక్షాలయ్యాయని, పెళ్లిళ్లు చేయించేవాళ్లు ఎవరైనా తేల్చి చెప్పాలని అడిగారు. గోదావరి జిల్లాల్లో 28 ఏళ్లుగా నా వృత్తి ఇదే. నన్నడిగితే మీ ఇంట్లో ఇరుపక్షాలవారూ ఓడిపోయినట్టే.

శుభలేఖలో అచ్చువేసే సుముహూర్తం మా వైపు జీలకర్ర బెల్లానిది. అడ్డుతెర పట్టుకుని ఉండగా, లగ్నం వచ్చిన నిమిషానికి ఒకరి నెత్తిన ఒకరు పెడతారు. తెర దించగానే చూపులు కలుస్తాయి. తాళి ఆ తరవాత ఎప్పుడో, అరగంటకో గంటకో. కొన్ని కుటుంబాల్లో లగ్నానికి తాళే కట్టిస్తారు, అది వారి ఆచారం. అయితే మా వైపు చాలా ఇళ్లలో మేము అనుసరించేది ఆపస్తంబ గృహ్యసూత్రం, అంటే ఇంట్లో జరిపే శుభకార్యాల విధానం చెప్పే ప్రాచీన గ్రంథం. అందులో జీలకర్రా లేదు, బెల్లమూ లేదు, తాళీ లేదు. కట్టేటప్పుడు చదివే 'మాంగల్యం తంతునానేన' కూడా వేదమంత్రం కాదు, శ్లోకం.

మా నాన్నగారు ఈ మాట చెప్పినప్పుడు నాకు పదహారేళ్లు. నివ్వెరపోయి, "మరి ఎందుకు చేయిస్తున్నాం?" అన్నాను. ఆయన అదే సూత్రగ్రంథంలో ఒక చిన్న వాక్యం చూపించారు: 'ఆవృతశ్చాస్త్రీభ్యః ప్రతీయేరన్'. పెళ్లి ఆచారాలు ఆడవాళ్లను అడిగి తెలుసుకోండి అని. అంటే పుస్తకంలో లేనిదంతా అమ్మమ్మలు, నాయనమ్మల అధికారం మీద నడుస్తోంది, దానికి సూత్రకారుడే ఒప్పుకొని సంతకం పెట్టాడు. అందుకే ఏ ఊరు వెళ్లినా నేను ముందు వెతికేది ఆ ఇంటి పెద్దావిడను. ఆవిడ ఊఁ అంటేనే నా పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకోవడం అని నవ్వుతాను గానీ, నిజంగానే గౌరీపూజ ఎక్కడ, గంప ఎవరు మోయాలి, మెట్టెలు ఎవరు తొడగాలి అన్నవి నేను చెప్పేవి కావు.

ఇక అసలు సంగతి. సూత్రంలో ఉన్నది, మంత్రాలు తిన్నగా పెళ్లికూతురితో మాట్లాడేది, అందరూ లేచి వెళ్లిపోయాక జరుగుతుంది. సప్తపది. తాళికి గట్టిమేళం వాయిస్తారు, అక్షింతలు పడతాయి, ఫొటోగ్రాఫరు "మూడో ముడి మళ్లీ ఒక్కసారి వేయండి" అంటాడు (వేయించను, అక్కడ మాత్రం నేను మొండివాణ్ని). తలంబ్రాలకు కేకలు, కేరింతలు. ఆ తరవాత బంతిలో ఆకులు వేశారని కబురు వస్తుంది, మండపం ఖాళీ. హోమం పొగకు కళ్లు నలుపుకుంటూ మిగిలేది పెళ్లివారిద్దరూ, నేనూ.

అగ్నికి ఉత్తరంగా, కుడిపాదం ముందుపెట్టి, తూర్పుకో ఉత్తరానికో ఆమెను ఏడడుగులు నడిపించాలి. అగ్ని చుట్టూ ఏడుసార్లు తిరగడం కాదు. అది ఉత్తరాది పద్ధతి, సీరియళ్ల పుణ్యమా అని మనవాళ్లకూ అదే సప్తపది అని పడిపోయింది. ఒకటో అడుగు అన్నానికి, రెండు బలానికి, మూడు వ్రతానికి, నాలుగు సుఖానికి, అయిదు పశువులకు, ఆరు ఋతువులకు, ఏడు యజ్ఞంలోని ఏడుగురు హోతలకు. ఏడో అడుగు దగ్గర ఆగి వరుడు అంటాడు: 'సఖా సప్తపదా భవ'. ఏడడుగులు కలిసి నడిచావు, నాకు స్నేహితురాలివి కా. వెంటనే, నీ స్నేహం నుంచి నేను తొలగకుండా ఉండాలి, నా స్నేహం నుంచి నువ్వు తొలగకుండా ఉండాలి అని. ఆ వాక్యంలో సేవ లేదు, విధేయత లేదు. అడుగుతున్నది స్నేహం.

దీన్ని నేను కూడా చాలా ఏళ్లు గడగడా చదివేసేవాణ్ని. ఇరవయ్యేళ్ల కిందట అన్నవరం కొండమీద తెల్లవారుజాము ముహూర్తం ఒకటి చేయించాను. సప్తపది వేళకు సగంమంది కింద బస్సెక్కేశారు. వీడియో అబ్బాయి కుర్చీలో కునుకు తీస్తున్నాడు. పెళ్లికూతురి ముత్తవ్వ, ఎనభై దాటిన మనిషి, భర్త పోయినావిడ కాబట్టి రాత్రంతా స్తంభం వెనకే కూర్చుంది. జనం పలచబడ్డాక నెమ్మదిగా పీటల దగ్గరికి వచ్చింది.

"ఏడో అడుగుకి ఏమన్నారు నాయనా?" అని అడిగింది. చెప్పాను.

"నా పెళ్లికి నాకు ఎనిమిదేళ్లు. యానాంలో చేశారు. నిద్ర ఆపుకోలేక ఒరిగిపోతుంటే మా నాన్న ఎత్తుకుని, ఆ ఏడడుగులూ ఆయనే వేశాడట" అంది.

ఏమనాలో తోచక, "అయితే స్నేహం మీ నాన్నగారికి కుదిరిందన్నమాట మామ్మగారూ" అన్నాను.

"అందుకే కాబోలు, మా ఆయన మా నాన్నతో మాట్లాడినన్ని మాటలు నాతో ఎన్నడూ మాట్లాడలేదు" అని పకపకా నవ్వింది. పెళ్లికూతురు నవ్వలేదు. నేనూ నవ్వలేకపోయాను.

యానాం ఎందుకో ఈ తరానికి తెలియకపోవచ్చు. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు నిండాలంది. బ్రిటిషు ఏలుబడిలో ఉన్న మనకు అది 1930 నుంచి వర్తించింది, ఫ్రెంచివారి యానానికి వర్తించలేదు. ఏరు దాటితే చాలు. అలా వెళ్లి చేసిన పెళ్లిళ్లతో ఆ ఊరికి కల్యాణపురం అన్న పేరే వచ్చింది. ఆ పెళ్లిళ్లు చేయించినవాళ్లూ మావాళ్లే కదా. ఇప్పుడు 2006 చట్టం ప్రకారం బాల్యవివాహం చేయించిన పురోహితుడికి రెండేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. ముహూర్తం రాయడానికి ముందు ఇద్దరి ఆధార్ కార్డులు అడుగుతాను. "పంతులుగారికి మామీద నమ్మకం లేదా?" అని రెండిళ్లవారు కోపగించుకుని వేరే ఆయన్ను పిలిపించుకున్నారు. రెండో ఇంటి పిల్ల అప్పుడు తొమ్మిదో తరగతి. నేను ఫిర్యాదు చేసి ఉండవలసింది. చేయలేదు.

అన్నవరం తరవాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. సప్తపదికి ముందు ఆపేస్తాను. ఆకులు వేయవద్దని వంటవారికి ముందురోజే చెబుతాను. తల్లిదండ్రుల్ని, ఇద్దరి స్నేహితుల్ని పిలిచి నిలబెట్టి, అడుగడుక్కీ తెలుగులో ఒక్క వాక్యం అర్థం చెబుతాను. పది నిమిషాలు. ఆకలిమీద ఉన్న మేనమామలు నన్ను నసపంతులు అంటారని విన్నాను. విధవరాలని ఎవరినైనా స్తంభం వెనక కూర్చోబెడితే మాత్రం ముందుకు తెమ్మంటాను. ఆచారం ఆడవాళ్లనే అడగమన్నారు కాబట్టి, ఆవిడ కూడా ఆడదే కదా అని నా వాదన.

చట్టం మాట కూడా అడుగుతారేమో. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడో సెక్షను, వధూవరుల్లో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం జరిగితే చాలంటుంది. ఆ ఆచారంలో సప్తపది ఉన్నట్లయితే ఏడో అడుగుతో పెళ్లి పూర్తయినట్టు. కర్మకాండ ఏదీ లేకుండా సర్టిఫికెట్ మాత్రం తీసుకుంటే హిందూ వివాహం కాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. తమిళనాడులో అయితే 1967 సవరణ తరవాత బంధుమిత్రుల ఎదుట దండలు మార్చుకున్నా చెల్లుతుంది, నా బోటివాడి అవసరమే లేదు. ఆ సంగతి మా సంఘంలో ఎవరూ పైకి అనరు.

మీ ఇంట్లో ఇలా చెప్పి చూడండి: లగ్నానికి జీలకర్ర బెల్లం, గట్టిమేళానికి తాళి, భోజనాలకు ముందు సప్తపది. ఎవరి ముచ్చటా పోదు. మరొకటి. పట్టపగలు ముహూర్తమైనా మీ పురోహితుడు ఆకాశంవైపు చెయ్యి చూపించి అరుంధతి కనిపించిందా అంటాడు, మీరు కనిపించిందనే అంటారు. ఫాల్గుణం కాబట్టి మీకు అదృష్టం ఉంది, కార్తీకంలో అయితే అర్ధరాత్రి దాటేదాకా ఉదయించదు. ఆ రాత్రి తొమ్మిది దాటాక ఇద్దరూ మేడమీదికి వెళ్లి ఈశాన్యంవైపు చూడండి. సప్తర్షి మండలం తోకలో మూడు చుక్కలుంటాయి, నడిమిది వసిష్ఠుడు. దానికి ఆనుకుని మసకగా ఉన్నది అరుంధతి. కళ్లజోడు ఉంటే పెట్టుకుని వెళ్లండి.