భోజన వేళ చెవి కింద వాపు... గవదబిళ్లలేనా?

ప్రశ్న: నా వయసు 46 ఏళ్లు. మూడు నెలలుగా భోజనానికి కూర్చున్నప్పుడల్లా కుడి చెవి కింద వాచి సలుపుతోంది. గంట, రెండు గంటల్లో తగ్గిపోతోంది. జ్వరం లేదు. ఇంట్లో వాళ్లు గవదబిళ్లలని సున్నం, పసుపు కలిపి పట్టు వేస్తున్నారు. బీపీ మాత్రలు వాడుతున్నాను. ఈ వాపు దేనివల్ల?
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసిన వివరాల్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది వాపు వస్తున్న వేళ. చెవికి ముందూ కిందా, దవడను ఆనుకొని పెరోటిడ్ అనే లాలాజల గ్రంథి ఉంటుంది; అందులో ఊరిన లాలాజలం ఒక సన్నని నాళం గుండా ప్రవహించి, బుగ్గ లోపల పైవరుస దవడపళ్లకు ఎదురుగా ఉన్న చిన్న రంధ్రం నుంచి నోట్లోకి వస్తుంది. తినేటప్పుడు ఈ ఊట బాగా పెరుగుతుంది కాబట్టి, నాళంలో ఎక్కడైనా రాయి అడ్డుపడినా, నాళమే సన్నబడినా లాలాజలం గ్రంథిలోనే నిలిచి అది ఉబ్బుతుంది, తిన్న తర్వాత మెల్లగా బయటికి జారి వాపు దిగుతుంది. మీ లక్షణాలు దీనికే దగ్గరగా ఉన్నాయి. రాళ్లు దవడ కింద ఉండే మరో లాలాజల గ్రంథిలో ఎక్కువగా ఏర్పడతాయి గనుక, మీ విషయంలో నాళం సన్నబడిందేమో కూడా చూడాలి.

గవదబిళ్లలు వైరస్ వల్ల వస్తాయి. వాటిలో తరచూ జ్వరం, ఒళ్లునొప్పులు ఉంటాయి, వాపు రాత్రింబవళ్లు అలాగే ఉండి సాధారణంగా వారం, పది రోజుల్లో తగ్గుతుంది. నెలల తరబడి భోజనంతో వచ్చి పోదు. కాబట్టి ఆ పట్టు దయచేసి మానేయండి, సున్నానికి చర్మం పొక్కితే మీకు మరో బాధ తోడవుతుంది.

మీ బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది ఉంటే, దానివల్ల నోరు ఎండి లాలాజలం చిక్కబడే అవకాశం ఉంది. అలాగని మాత్రలు సొంతంగా ఆపకండి, మీ వైద్యుడికి చెప్పండి. నోటితోపాటు కళ్లు కూడా పొడిబారుతుంటే షోగ్రెన్ అనే వ్యాధిని అనుమానించాలి. రోగనిరోధక వ్యవస్థ సొంత గ్రంథులపైనే దాడి చేసే ఈ జబ్బు మీ వయసు మహిళల్లో ఎక్కువ. రెండు వైపులా నొప్పి లేకుండా ఉబ్బుతుంటే మధుమేహం, మద్యం అలవాటు వంటి కారణాలు వెతుకుతాం.

భోజనంతో సంబంధం లేకుండా ఒకేచోట గట్టిగా ఉండి, మెల్లగా పెరిగే గడ్డ వేరే సంగతి. ఈ గ్రంథిలో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు, అయినా పరీక్ష తప్పనిసరి. ముఖాన్ని కదిలించే నరం ఈ గ్రంథిలోంచే వెళుతుంది, అందుకే గడ్డతోపాటు మూతి వంకర పోయినా, కన్ను పూర్తిగా మూతపడకపోయినా ఒక్కరోజు కూడా ఆగకూడదు. జ్వరం వచ్చి, వాపు ఎర్రబడి, నోట్లోకి చీము వస్తున్నా అంతే.

మీరు ఈ వారంలోనే చెవి, ముక్కు, గొంతు నిపుణులను కలిసి అల్ట్రాసౌండ్ చేయించుకోండి. ఈలోగా నీళ్లు బాగా తాగుతూ, గోరువెచ్చని కాపడం పెట్టుకొని, చెవి దగ్గర నుంచి బుగ్గ వైపు వేళ్లతో మృదువుగా నిమరండి. రోజూ ఏ పూట వాచింది, ఎంతసేపు ఉందో కాగితం మీద రాసుకొని డాక్టర్‌కు చూపించండి.