పదకొండు పేర్ల చీటీ

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. మీ అమ్మ మోకాళ్ళకి నేను పంపిన నూనె రాసుకుంటోందో లేదో కనుక్కుని చెప్పు. నేనడిగితే 'రాస్తున్నానులే అన్నయ్యా' అంటుంది గానీ సీసా మూత తీసినట్టు నాకు నమ్మకం లేదు.

నీ చీటీ అందింది. వాట్సాప్‌లో వచ్చినదాన్ని అందింది అనొచ్చో లేదో మరి. బరంపురం కాలేజీ ఫంక్షన్‌కి మీ బ్యాండుని పిలిచారని మీ అత్త అప్పుడే వీధంతా చెప్పేసింది. పోస్టరు కింద వేసుకోవడానికి 'మీ ఇన్‌ఫ్లూయెన్సులు ఎవరు' అని నాలుగు వాక్యాలు రాసిమ్మన్నారట. మీరు నలుగురూ కూర్చుని పదకొండు పేర్లు రాశారు. ఒక్క రెహమాన్ తప్ప అన్నీ ఇంగ్లీషు బ్యాండులే. 'ఎలా ఉంది మావయ్యా' అన్నావు. ఫోన్లో చెబితే 'ఊఁ, ఊఁ' అంటూ ఇంకో పక్క రీల్స్ చూస్తావని తెలుసు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

ఆ పేర్లు చూసి నాకు కోపమేమీ రాలేదు. నేను మెలోడీలో కీబోర్డు వాయించే రోజుల్లో మమ్మల్ని ఎవరైనా అడిగితే మేమూ గుక్క తిప్పుకోకుండా ఆర్.డి.బర్మన్, ఇళయరాజా అనేవాళ్ళం. (ఇవతల మనం ఆర్కెస్ట్రా అనేదాన్ని ఒడియావాళ్ళు మెలోడీ అంటారని మీ ఫ్రెండ్సుకి తెలుసా? ఇప్పుడా మాట వింటే మీకు నవ్వొస్తుందేమో.) మరి ఇళయరాజా పాటలో బేస్ గిటార్ ఏ స్వరం దగ్గర నిలబడుతోందిరా అంటే అందరం పైకప్పు వంక చూసేవాళ్ళం. మా క్యాసెట్ల డబ్బా మీద ఆయన బొమ్మ ఉండేది, అంతవరకే మా సంబంధం.

కాబట్టి ముందు ఒక పని చెయ్యి. ఆ పదకొండు పేర్లలో ఒక్కొక్కరివి మూడేసి పాటలు, ఫోన్ చూడకుండా, మొదటి నుంచి చివరిదాకా వాయించండి. వాయించలేని పేరు కొట్టేయండి. ఎన్ని మిగిలితే అన్ని. రెండు మిగిలినా పరవాలేదు.

పింక్ ఫ్లాయిడ్ అని రాశావు కదా, వాళ్ళని నేను కొట్టేయనివ్వను. నిన్న రాత్రి మీ అత్త పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 1973 నాటి వాళ్ళ ఆల్బమ్ విన్నాను. అందులో 'మనీ' పాట ఉంది చూడు, చిల్లర గలగలతో మొదలవుతుంది. తాళం దెబ్బలు వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఏడు! మళ్ళీ వెనక్కి జరిపి లెక్కపెట్టాను. ఏడే. గిటార్ సోలో దగ్గరికొచ్చేసరికి మాత్రం హాయిగా నాలుగులోకి దిగిపోతారు, అది అయ్యాక మళ్ళీ ఏడు. నువ్వీ సంగతి గమనించావా? గమనిస్తే నీ చీటీలో పేరు పక్కన ఆ ముక్క రాసుండేవాడివి.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మమ్మ ఊయల దగ్గర పాడే లాలి నీకు గుర్తుందో లేదో గానీ, నిన్ను ఊపింది దాంతోనే. తాడు లాగేటప్పుడు మూడు, వదిలేటప్పుడు నాలుగు. తకిట తకధిమి. అది మిశ్రచాపు తాళం. అదీ ఏడే. మీ బ్యాండులో పాడే అమ్మాయి ఒడిస్సీ నేర్చుకుంటోందన్నావు, త్రిపట తాళం గురించి ఆవిణ్ణి అడుగు. అది కూడా ఏడే. ఒకే ఏడు మూడు ఇళ్ళలో మూడు రకాలుగా నడుస్తోంది. లండన్‌వాళ్ళది బూట్ల నడక, అమ్మమ్మది తాడు నడక. రెండూ చెవిలో ఉన్నవాడు నీలా ఎంతమంది ఉంటారు? మరి నీ చీటీలో ఒకటే రాశావేం?

అందుకని రెండో చీటీ రాయండి. నలుగురూ నాలుగు మూలల కూర్చుని, ఒకరిది ఒకరు చూడకుండా. ప్రశ్న ఒకటే: పదేళ్ళ లోపు ఇంట్లోనూ వీధిలోనూ ఏం విన్నారు? నచ్చినవే రాయాలని లేదు. పక్కింటి టీవీలో విని విని విసుగెత్తినవి కూడా రాయండి, వాటి ప్రభావమే ఎక్కువ.

నాది రాసి చూపిస్తాను. ఒకటి, రేడియో సిలోన్. మధ్యాహ్నం తెలుగు పాటల కోసం మా నాన్న సెట్టు చెవి మెలేసేవాడు. అనౌన్సరు మీనాక్షి పొన్నుదురై గారి గొంతు గరగరల మధ్య నుంచి తేలి వచ్చేది. పాట ఎప్పుడూ అలల మీద ఊగుతూ, దగ్గరికొస్తూ దూరమవుతూ వినిపించేది. నేను కీబోర్డులో వాల్యూమ్ పెడల్ అంతగా ఎందుకు తొక్కేవాణ్ణో నాకు అరవై ఏళ్ళు దాటాక అర్థమైంది. రెండు, బరంపురంలో ఠాకురాణీ యాత్ర. రెండేళ్ళకోసారి అమ్మవారు దేశిబెహెరా వీధిలోని పుట్టింటికొస్తుంది కదా, ఆ రోజుల్లో సాయంత్రమయ్యేసరికి ఘటాల వెంట వాద్యాలు వీధి వీధి తిరిగేవి. నాన్న భుజాల మీద కూర్చుంటే ఆ దెబ్బ చెవికంటే ముందు నా కడుపులో వినిపించేది. మూడు, మీ అమ్మమ్మ. నాలుగోది చెప్పడానికి సిగ్గుగా ఉంది, టూరింగ్ టాకీసులో సినిమాకి ముందు వేసే సబ్బు ప్రకటన. అది ఇప్పటికీ స్నానం చేస్తుంటే నోట్లోకి వస్తుంది.

మీ చీటీల్లో ఏముంటాయో సగం నేనిప్పుడే చెప్పగలను. గుణుపూర్ నుంచి వచ్చే డ్రమ్స్ కుర్రాడికి ఢోలు, సన్నాయిలాంటి మహురి. కీబోర్డు కుర్రాడిది మోహన ఊరి వైపు అన్నావు, చర్చిలో నాలుగు గొంతుల్లో పాడే పాటలు వాడికి అన్నంలో కలిసిపోయి ఉంటాయి. మీ పాటలో కోరస్ దగ్గర నలుగురూ ఒకే స్వరం మీద అరుస్తున్నారని పోయినసారి అన్నాను కదా, దానికి మందు ఆ కుర్రాడి దగ్గర ఉంది. వాణ్ణి ఎప్పుడైనా అడిగారా? పాడే గంజాం అమ్మాయికి ఒడియా కవి కవిసూర్య బలదేవ రథ్ చంపూ పాటలు తెలియకుండా ఉండవు. క నుంచి క్ష దాకా ఒక్కో అక్షరానికీ ఒక్కో పాట, ముప్ఫై నాలుగు. ఆ అమ్మాయి మైకు ముందు ఇంగ్లీషు యాసతో తెలుగు పాడుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

యాస అంటే గుర్తొచ్చింది. పాటలో మన మాటే పాడండి. 'ఎల్లిపోనాడు' అని వస్తే అలాగే ఉండనివ్వండి, దాన్ని 'వెళ్ళిపోయాడు' చేసి ఇస్త్రీ పెట్టకండి. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్ళోనేరా. కొండల్లో ఉండే సవరవాళ్ళని ఇంట్లో పెట్టుకుని వాళ్ళ నోటి నుంచే వాళ్ళ భాష నేర్చుకున్నారు. 1936లో ఈ ఊరు ఒరిస్సాలో కలిసిందని మనసు కష్టపెట్టుకుని రాజమండ్రి వెళ్ళిపోయారు. మనం ఉండిపోయాం. ఉండిపోయినందుకు రెండు భాషల పాటలూ దక్కాయి, అది వేరే లెక్క.

ఇన్ని రుచులు కలిపితే కలగూరగంప అయిపోదా అంటావు. అవుతుంది, తొందరపడితే. సాలూరు రాజేశ్వరరావుగారి పాటలు విను. ఆయనది సాలూరు దగ్గర శివరామపురం, 1922లో పుట్టారు. సాలూరు దాటి ఘాట్ ఎక్కితే కోరాపుట్ జిల్లాయే, అంటే మన సరిహద్దు మనిషే. కుర్రతనంలో కలకత్తా వెళ్ళి అక్కడి పాట దగ్గరనుంచి విన్నారు. 1951లో వచ్చిన 'మల్లీశ్వరి' పాటల్లో కర్ణాటకం ఎక్కడ ఆగిందో, హిందుస్తానీ ఎక్కడ మొదలైందో, బెంగాలు గాలి ఎటు నుంచి తగిలిందో గీత గీసి చూపించు చూద్దాం. మీరు చేసినది ఏమిటి? పల్లవికి గిటారు, మధ్యలో ఎనిమిది సెకన్లు ఢోలు, మళ్ళీ గిటారు. దాన్ని ఫ్యూజన్ అన్నారు. ఢోలు వాయించేవాడు పెళ్ళికొచ్చి కవరు ఇచ్చి భోంచెయ్యకుండా వెళ్ళిపోయిన చుట్టంలా ఉన్నాడందులో.

చుట్టరికం కలవాలంటే ఒక బాణీ ముందు ఉన్నదున్నట్టు నేర్చుకోవాలి. మార్చడం తర్వాత. మా వీధి చివర మహురి ఆయన ఉన్నాడు, తెలుసు కదా. వాయించే ముందు పీక నోట్లో పెట్టుకుని తడుపుతూ కాసేపు మాట్లాడడు. ఆ కాసేపట్లో నువ్వు ఫోన్ తీయకూడదు. తర్వాత బుగ్గల్లో గాలి నిలుపుకుని ముక్కుతో పీలుస్తూ ఎక్కడా తెగకుండా వాయిస్తాడు. ఆయన మహురి రెండున్నర శ్రుతికీ మూడుకీ మధ్య ఎక్కడో ఉంటుంది, వాయించే కొద్దీ వేడెక్కి కొంచెం పైకి జరుగుతుంది. శ్రుతి చూపించే ట్యూనర్‌లో ముల్లు మధ్యకి రాలేదని ఆయన్ని తప్పు పట్టకు, ఆ కర్రకి పెట్టిన కన్నాలు మారవు. మారాల్సింది నువ్వే. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ నొక్కితే అర స్వరం చొప్పున జరుగుతుంది, దాంతో పనవ్వదు. మెనూలో మాస్టర్ ట్యూనింగ్ అని ఉంటుంది, అక్కడ చెవితో కలుపుకోవాలి. గిటార్ తీగలు ఆరూ ఒకే కొలతలో కాస్త దించుకో. ఆయన పది నిమిషాలు వాయించాక కలుపుకో, ముందే కలిపితే మళ్ళీ కలపాలి.

ఇక తీసుకున్నవాళ్ళ పేరు చెప్పడం. ఇది నేను నా వీపు మీద నేర్చుకున్నది. మెలోడీలో చేరిన కొత్తలో ఒక పెళ్ళి రిసెప్షన్‌లో జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథ బాణీ ఒకటి కీబోర్డు మీద వాయించాను. జనం ఊగిపోయారు. 'ఎవరిది మాస్టారూ ఈ బిట్టు' అని పెళ్ళికొడుకు అడిగితే, నాదే అన్నాను. భోజనాల దగ్గర ఒక ముసలాయన నా పక్క విస్తరి ముందు కూర్చున్నాడు. పప్పు కలుపుకుంటూ, నేను వాయించిన ముక్కకి నాకు రాని చివరి చరణం కూనిరాగం తీశాడు. నా వంక చూడలేదు. నేను పెరుగు దాకా ఆగకుండా లేచిపోయాను.

పెద్దవాళ్ళకీ తప్పదు. 2015లో కోక్ స్టూడియో అనే టీవీ కార్యక్రమంలో సంబల్‌పురి పాట 'రంగబతి'ని కొత్తగా చేసినప్పుడు, అసలు పాట రాసిన మిత్రభాను గౌంతియా, బాణీ కట్టిన ప్రభుదత్త ప్రధాన్ తమ అనుమతి లేదని లీగల్ నోటీసు దాకా వెళ్ళారు. అందరూ అది జానపదం అనుకునేంతగా జనంలో కలిసిపోయిన పాట. కాబట్టి జానపదమే కదా అని ఏదైనా ఎత్తుకునే ముందు వెనక మనిషి ఉన్నాడేమో కనుక్కో. పాట కట్టినవాడు పోయాక కూడా అరవై ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది మన చట్టంలో. మనిషి దొరక్కపోతే ఏ ఊళ్ళో, ఎవరి దగ్గర విన్నావో అయినా స్టేజీ మీద చెప్పు. అయిదు సెకన్లు పడుతుంది.

అమ్మవారి ఘటం ముందు వాయించే దెబ్బ మాత్రం కాలేజీ స్టేజీ మీదకి తేవద్దు. ఎందుకని వాదించకు. మీ అమ్మకి తెలిస్తే నన్నంటుంది.

నలుగురి రుచులూ కలవక గొడవలవుతున్నాయని కూడా రాశావు. దానికి నా దగ్గర పెద్ద మందేమీ లేదు. మా మెలోడీ పార్టీలో ఒక్కొక్కరు వారానికి ఒక పాట తెచ్చేవాళ్ళు, మిగతావాళ్ళు నోరెత్తకుండా రెండుసార్లు వినాలి, మూడోసారి తర్వాతే తిట్టుకోవాలి. గొడవలు తగ్గలేదు గానీ పాటలు పెరిగాయి.

చీటీలు నాలుగూ అయ్యాక పోస్టరుకి నాలుగు వాక్యాలు మీరే రాయండి, నన్ను రాయమనకు. పింక్ ఫ్లాయిడ్ ఉండాలి, పక్కనే అమ్మమ్మ ఉండాలి. అమ్మమ్మ పేరు అక్షరదోషం లేకుండా వెయ్యమను.

వచ్చే ఆదివారం పొద్దున మహురి ఆయన మనింటికి వస్తానన్నాడు. తొలి బస్సుకి వచ్చేయండి. ట్యూనర్ తెచ్చుకో. డ్రమ్స్ కుర్రాణ్ణి తప్పకుండా తీసుకురా, సెట్టు అక్కర్లేదు, రెండు చేతులూ తెస్తే చాలు. ఆయనకి ఇచ్చేది కవర్లో పెట్టి మీ నలుగురూ కలిసి ఇవ్వండి, నా చేత ఇప్పించకండి. మీ అత్త పనసకాయ కూర వండుతానంటోంది. ఎంతమంది వస్తున్నారో శుక్రవారానికల్లా చెప్పు, కాయ ఎంతది కొనాలో చూసుకోవాలి.

ఇట్లు,
మీ మావయ్య