బాలింత జ్వరం: ఉదయపు పడవ కోసం ఆగవద్దు
కాన్పయిన ఆరో రోజున మీ చెల్లెలికి 102 డిగ్రీల జ్వరం, చలి, పొత్తికడుపు నొప్పి, దుర్వాసనతో కూడిన స్రావం ఉన్నాయని, పెద్దలు అది పాల జ్వరమంటున్నారని రాశారు. పాలు పడేటప్పుడు ఒళ్లు కొద్దిగా వెచ్చబడవచ్చు గానీ, ఆ దుర్వాసన దానివల్ల రాదండి. ఇవి గర్భాశయంలో ఇన్ఫెక్షన్‌కు గుర్తులు. గుండెదడ, ఆయాసం, మూత్రం తగ్గడం, మాట తడబడటం కూడా ఉంటే సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే ప్రాణాపాయ స్థితి) అనుకోవాలి, అప్పుడు గంటలోపే యాంటీబయాటిక్‌ను నరంలోకి ఎక్కించాలి. సాధారణంగా క్లిండామైసిన్, జెంటామైసిన్ కలిపి ఇస్తారు. మాయ ముక్క మిగిలి ఉంటే తీసివేస్తారు. మీది లంక గ్రామం కనుక, ఈ రాత్రే పడవవారిని లేపి గోదావరి దాటించి, 108 వాహనాన్ని అవతలి రేవుకు రప్పించి అమలాపురం ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పారాసిటమాల్‌తో జ్వరం దిగినా ప్రయాణం మానవద్దు. బిడ్డనూ వెంట తీసుకువెళ్లండి.