బొమ్మపై వాక్యం ఉన్నంత మాత్రాన అది కాన్సెప్చువల్ ప్రింటు (ఆలోచనే ప్రధానమైన అచ్చు చిత్రం) అవుతుందా?

కాదు. వాక్యం బొమ్మను కేవలం వివరిస్తే అది మామూలు పోస్టరే. ఆ రెండింటి ఘర్షణలో పుట్టే ఆలోచనే అసలు కళాకృతి అయినప్పుడు ఆ పేరు తగినది. అమెరికన్ కళాకారిణి బార్బరా క్రూగర్ 1989లో, వాషింగ్టన్‌లో గర్భస్రావ హక్కుల కోసం జరిగిన మహిళా ప్రదర్శన సందర్భంగా, ఒక స్త్రీ ముఖాన్ని నిలువునా రెండుగా విభజించి, ఒక సగాన్ని మామూలు ఫొటోగా, మరో సగాన్ని నెగెటివ్‌గా ఉంచి, ఎర్రటి పట్టీలపై తెల్లని ఆంగ్ల అక్షరాలలో ‘నీ దేహం ఒక యుద్ధభూమి’ అనే అర్థమిచ్చే వాక్యాన్ని అచ్చు వేశారు. ఆంగ్లంలోని ‘యువర్’ నీదీ కావచ్చు, మీదీ కావచ్చు (తెలుగులో ఈ వెసులుబాటు లేదు). అందువల్ల ఆ మాట బొమ్మలోని స్త్రీకా, చూస్తున్నవారికా అన్నది తేలదు. పత్రికలలో పేజీలు రూపొందించిన అనుభవం ఆమెకు ఇక్కడ అక్కరకు వచ్చిందనిపిస్తుంది. వీధి పోస్టరైన ఆ రూపమే వినైల్ అనే ప్లాస్టిక్ షీటుపై సిల్క్‌స్క్రీన్ (సన్నని వలగుడ్డ గుండా సిరా అద్దే) ముద్రణగా లాస్ ఏంజెలెస్‌లోని బ్రాడ్ మ్యూజియం సేకరణలో ఉంది.