టెక్ సందేహాలు: ముందు స్పీడ్ చెక్ ఉందని యాప్‌లో చెప్పొచ్చా?

ప్రశ్న: నావిగేషన్ నడుస్తుండగా గూగుల్ మ్యాప్స్‌లో ‘పోలీస్’ అనే రిపోర్ట్ బటన్ కనిపిస్తోంది. రోడ్డు వారగా స్పీడ్ గన్ పట్టుకుని పోలీసులు కనబడితే అది నొక్కి వెనక వచ్చేవాళ్లకు చెప్పొచ్చా? తప్పు చేసేవాళ్లను కాపాడినట్టవుతుందేమోనని సందేహం.

జవాబు: చట్టం అడ్డుచెప్పని చోట స్పీడ్ చెక్ గురించి చెప్పొచ్చు. మద్యం తనిఖీ, నిందితుల కోసం వాహనాలు ఆపి వెతకడం లాంటివి కనిపిస్తే మాత్రం నొక్కకండి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. వేగం అప్పటికప్పుడు తగ్గించుకోగలిగేది. హెచ్చరిక వినగానే డ్రైవర్ యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తాడు, ఆ కాస్త దూరమైనా ప్రమాదం తగ్గుతుంది. తాగి నడిపేవాడికి హెచ్చరిక అందితే మత్తు దిగదు. పక్క సందులోకి తిప్పుకుని అదే మత్తులో ఇంకో రోడ్డెక్కుతాడు.

2019 ఫిబ్రవరిలో న్యూయార్క్ పోలీసు శాఖ గూగుల్‌కు లేఖ రాసింది సరిగ్గా ఈ విషయం మీదే. మద్యం తనిఖీ కేంద్రాల వివరాలు గూగుల్‌కే చెందిన నావిగేషన్ యాప్ ‘వేజ్’లో రాకుండా చూడాలని కోరింది. పోలీసులున్నారని తెలిస్తే డ్రైవర్లు జాగ్రత్తగా నడుపుతారన్నది గూగుల్ వాదన. స్పీడ్ చెక్ విషయంలో ఈ వాదన నిలుస్తుంది. మద్యం తనిఖీ విషయంలో నిలవదు. చిక్కేమిటంటే, యాప్‌లో ఉన్న పోలీస్ బటన్‌కు అక్కడ ఏ తనిఖీ జరుగుతోందో తెలియదు. కాబట్టి ఆ తేడా చూడాల్సింది బటన్ నొక్కే మనిషే. అక్కడేం జరుగుతోందో అర్థం కాకపోతే నొక్కకపోవడమే మేలు.

స్పీడ్ చెక్‌ల సంగతి దాచి ఉంచాలని పోలీసులూ ప్రతిచోటా అనుకోరు. జర్మనీలో 2012లో మొదలైన ‘బ్లిట్జ్ మారథాన్’ అనే భారీ స్పీడ్ తనిఖీలో ఏ రోడ్ల మీద తనిఖీ ఉంటుందో పోలీసులే ముందుగా ప్రకటిస్తారు. బ్రిటన్‌లోనూ చాలా చోట్ల కెమెరా వ్యాన్లు నిలిపే రోడ్ల జాబితా అందరికీ అందుబాటులో పెడతారు. వాళ్లకు కావలసింది జనం నెమ్మదించడం.

హెచ్చరికకు ఓ హద్దుంది. కెమెరా ముందు బ్రేక్ వేసి, దాటగానే మళ్లీ వేగం అందుకునే అలవాటు డ్రైవర్లలో బాగా ఉంది. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు దాదాపు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండు వందల మీటర్ల పాటు తగ్గించిన వేగం మిగతా దారికి అక్కరకు రాదు. పైగా అలర్ట్ వినగానే సడన్ బ్రేక్ కొడితే వెనక బండి వచ్చి గుద్దుతుంది. గంటకు 100 కి.మీ. వేగంలో బండి సెకనుకు 28 మీటర్లు పోతుంది. అందుకే అలర్ట్ వస్తే కాలు తీయండి, బ్రేక్ గట్టిగా వేయకండి.

అదే రిపోర్ట్ మెనూలో ఆగిపోయిన వాహనం, రోడ్డు మీద పడి ఉన్న వస్తువు, ప్రమాదం వంటివీ ఉంటాయి. వాటినీ వాడండి. రాత్రిపూట మలుపు దాటాక లైట్లు లేకుండా ఆగిన లారీ గురించి చెప్పిన ఒక్క రిపోర్ట్, పది పోలీస్ రిపోర్టుల కన్నా విలువైనది.

ప్రశ్న: నడుపుతూ ఫోన్ ముట్టుకోకుండా రిపోర్ట్ చేసే వీలుందా?

జవాబు: ఉంది. ఐఫోన్‌లో యాపిల్ మ్యాప్స్ వాడేవాళ్లు నావిగేషన్ నడుస్తుండగా ఫోన్‌లోని వాయిస్ అసిస్టెంట్ ‘సిరి’కి నోటితో చెబితే చాలు. ప్రమాదం, అడ్డంకి, స్పీడ్ చెక్ మూడింటినీ రిపోర్ట్ చేసే వీలు ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14.5తో 2021లో వచ్చింది. వేజ్‌లో మామూలు మాటల్లో చెప్పే రిపోర్టింగ్‌ను 2024లో ప్రకటించారు కానీ అన్ని ఫోన్లకూ, అన్ని భాషలకూ ఒకేసారి రాలేదు. మీ యాప్‌లో రిపోర్ట్ గుర్తు నొక్కి చూడండి, మైక్ తెరుచుకుంటే వచ్చినట్టే. ఈ ప్రయోగం బండి ఆపి ఉన్నప్పుడు చేయండి.

నోటితో కుదరకపోతే పక్క సీట్లో ఉన్నవాళ్లకు ఆ పని అప్పగించండి. ఒక్కరే ఉంటే వదిలేయండి. గంటకు 90 కి.మీ. వేగంలో మూడు సెకన్లు తెర వైపు చూస్తే 75 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. చాలా దేశాల్లో ఫోన్ చేత్తో పట్టుకోవడమే నేరం, రిపోర్ట్ చేస్తున్నానంటే ఎవరూ వినరు. వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఇంకా నిష్ఫలం: చదవాలంటే అవతలివాళ్లూ నడుపుతూ ఫోన్ చూడాలి, చదివేసరికి ఆ తనిఖీ లేచిపోయి ఉంటుంది.

ప్రశ్న: ‘ముందు పోలీస్’ అని అలర్ట్ వచ్చింది, అక్కడ ఎవరూ లేరు. మరోసారి పోలీసులను దాటాక వచ్చింది. లోపం ఫోన్‌లోనా, యాప్‌లోనా?

జవాబు: రెండు చోట్లా ఉండొచ్చు. ముందు యాప్ సంగతి. రిపోర్ట్ చేసినవాళ్లు పోలీసులను దాటిన పది సెకన్లకు నొక్కితే, 90 కి.మీ. వేగంలో ఆ గుర్తు 250 మీటర్లు ముందుకు పడుతుంది. మీకు ఆలస్యంగా రావడానికి ఎక్కువగా ఇదే కారణం. సర్వీస్ రోడ్డు మెయిన్ రోడ్డును ఆనుకుని ఉంటే ఇంకో తంటా. ఆరుబయట కూడా ఫోన్ జీపీఎస్‌లో సుమారు 5 మీటర్ల తేడా సహజం కాబట్టి, పక్క రోడ్డు మీది తనిఖీ మీ దారిలో కనిపించొచ్చు. డివైడర్ అవతల ఉన్న పోలీసులను చూసి నొక్కేవాళ్లూ ఉన్నారు. వేజ్‌లో ‘అదర్ సైడ్’ అనే ఎంపిక ఉన్నది అందుకే.

పోలీస్ రిపోర్టుకు ఆయుష్షు తక్కువ. ‘ఇంకా ఉందా?’ అని యాప్ అడిగినప్పుడు వచ్చే జవాబులను బట్టి అది నిలుస్తుంది, లేదా చెరిగిపోతుంది. జనం తక్కువ తిరిగే రోడ్డులో కాదని చెప్పేవాళ్లు లేక పాత రిపోర్ట్ అలాగే ఉండిపోతుంది. స్థిరంగా ఉండే కెమెరాల పద్ధతి వేరు. వేజ్‌లో వాటిని మ్యాప్ ఎడిటర్లు ఆమోదించాకే చూపిస్తారు. అందుకే వాటిని ఎక్కువ నమ్మొచ్చు.

ఇక ఫోన్. లొకేషన్ అనుమతిలో ‘ప్రిసైజ్’ (కచ్చితమైన లొకేషన్) ఆన్‌లో ఉందో లేదో చూడండి. బ్యాటరీ సేవర్ తీసేయండి, తెర ఆరగానే అది జీపీఎస్‌ను నెమ్మదింపజేస్తుంది. గూగుల్ మ్యాప్స్ స్పీకర్ గుర్తులో మూడు స్థాయిలుంటాయి: పూర్తి ధ్వని, అలర్టులు మాత్రమే, మ్యూట్. మధ్యది పెట్టుకుంటే దారి సూచనల గోల లేకుండా హెచ్చరికలు వస్తాయి. కారులో రేడియో పెట్టినప్పుడు తొలి మాటలు మింగేస్తున్నట్టయితే నావిగేషన్ సెట్టింగ్స్‌లో బ్లూటూత్ ద్వారా వాయిస్ ప్లే చేసే ఎంపికను ఆపి, ఫోన్ స్పీకర్‌లోంచే వినండి.

ప్రశ్న: అద్దె కారులో ఫ్రాన్స్, జర్మనీ, స్విట్జర్లాండ్ తిరగబోతున్నాం. ఫోన్‌లో వేజ్ ఉంది. ఇబ్బందేమైనా ఉందా?

జవాబు: ఉంది, మూడు దేశాల్లో మూడు రకాలుగా. ఫ్రాన్స్‌లో 2012 నుంచి కెమెరా ఉన్న కచ్చితమైన చోటు చూపకూడదు. యాప్‌లు ‘ప్రమాదకర ప్రాంతం’ అని మాత్రమే చూపుతాయి. ఆ ప్రాంతం ఊళ్లలో 300 మీటర్లు, బయటి రోడ్ల మీద 2 కి.మీ., మోటార్‌వేల మీద 4 కి.మీ. వరకు ఉంటుంది. మీ ఫోన్ పాడైందనుకోకండి. మద్యం తనిఖీల వంటివి జరిగేటప్పుడు కొన్ని గంటల పాటు ఆ చుట్టుపక్కల పోలీస్ అలర్టులను పూర్తిగా ఆపించే అధికారం 2021 నుంచి అక్కడి అధికారులకు ఉంది.

జర్మనీలో నడిపేవాళ్లు కెమెరా హెచ్చరిక యాప్‌ను వాడటమే నేరం. 75 యూరోల జరిమానా, లైసెన్స్ మీద ఒక పెనాల్టీ పాయింట్. పక్కవాళ్ల ఫోన్‌లో పెట్టుకుంటే సరిపోతుందనుకోవద్దు: డ్రైవర్ ఆ హెచ్చరికను వాడుకుంటే అదీ తప్పేనని కార్ల్స్‌రూహ్ కోర్టు 2023లో తేల్చింది. స్విట్జర్లాండ్ ఇంకా కఠినం. హెచ్చరించే పరికరం దగ్గర ఉంచుకోవడమే నిషేధం, స్వాధీనం చేసుకుంటారు.

సరిహద్దు దాటకముందే బండి ఆపి వేజ్ సెట్టింగ్స్‌లో అలర్ట్స్ అండ్ రిపోర్ట్స్‌కు వెళ్లి, స్పీడ్ కెమెరాలు, పోలీస్ రెండింటికీ అలర్టును, మ్యాప్ మీద చూపడాన్ని ఆపేయండి. మెనూ పేర్లు వెర్షన్‌ను బట్టి కాస్త మారతాయి. కారులోని నావిగేషన్‌లోనూ కెమెరా హెచ్చరికలు ఉంటాయి, చాలామంది దాన్ని మరిచిపోతారు. స్విట్జర్లాండ్ వెళ్లేటప్పుడు అందులోని కెమెరాల డేటానే తొలగించాలి. వేగ పరిమితి చూపే గుర్తు వేరు, దాన్ని నిక్షేపంగా ఉంచుకోవచ్చు.

ప్రశ్న: రాడార్ డిటెక్టర్ కొనడం దండగా?

జవాబు: పోలీసుల స్పీడ్ రాడార్‌ను పసిగట్టి మోగే ఈ పరికరం ఇప్పుడు దాదాపు దండగే. చాలా స్పీడ్ రాడార్లు వాడే 24.15 గిగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ చుట్టూనే చాలా కార్లలో అద్దాల్లో కనబడని బండ్లను పసిగట్టే బ్లైండ్ స్పాట్ సెన్సర్లు, దుకాణాల ఆటోమేటిక్ తలుపులు పనిచేస్తాయి. డిటెక్టర్ వాటన్నిటికీ మోగుతుంది. వేగం కొలిచే లేజర్ గన్ కిరణం 300 మీటర్ల దూరంలో సుమారు ఒక మీటరు వెడల్పే ఉంటుంది. అది మీ బండిని తాకి డిటెక్టర్ మోగేసరికి అర సెకనులోపే మీ వేగం నమోదైపోతుంది. కొనేముందు చట్టం కూడా చూసుకోండి. అమెరికాలోనే వర్జీనియాలో వీటి వాడకం నిషిద్ధం.

ప్రశ్న: ఎదురొచ్చేవాళ్లకు హెడ్‌లైట్ కొట్టి చెప్పడం?

జవాబు: ఇదీ దేశాన్ని బట్టే. అమెరికాలోని మిస్సోరిలో ఓ ఫెడరల్ కోర్టు 2014లో దీన్ని భావప్రకటన స్వేచ్ఛ కింద లెక్కగట్టింది. బ్రిటన్‌లో పోలీసుల విధికి ఆటంకం కలిగించినట్టు కేసు పెట్టొచ్చు. అయితే హెచ్చరిక అందుకున్న బండి నిజంగా అతివేగంగా వస్తోందని, లేదా రాబోతోందని చూపాలి. రాత్రిపూట ఎదుటివాళ్ల కళ్లు చెదురుతాయి కాబట్టి ఎక్కడైనా మానుకోవడమే మంచిది.

ప్రశ్న: సగటు వేగం లెక్కగట్టే కెమెరాల దగ్గర అలర్ట్ పనికొస్తుందా?

జవాబు: మొదటి కెమెరాకు ముందు వస్తేనే. అక్కడ రెండు చోట్ల నంబర్ ప్లేట్ చదివి, మధ్య దూరాన్ని పట్టిన సమయంతో భాగిస్తారు. 80 కి.మీ. పరిమితి ఉన్న 10 కి.మీ. దూరానికి కనీసం 7 నిమిషాల 30 సెకన్లు పట్టాలి. మొదటి సగం 100తో నడిపి, అలర్ట్ వచ్చాక 80కి తగ్గినా మొత్తం 6 నిమిషాల 45 సెకన్లే, సగటు 89 దగ్గర తేలుతుంది. దాన్ని సరిచేయాలంటే రెండో సగం దాదాపు 67తో పోవాలి.

ఇలాంటి చోట యాప్ చూపే వేగాన్నే చూసుకోండి. కారు స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదన్నది ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన, ఎక్కువ చూపడానికి మాత్రం 10 శాతం, దానిపైన మరో 4 కి.మీ. వరకు వీలిస్తుంది. అందుకే రెండింటికీ తేడా వస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి, సెట్టింగ్స్‌లో నావిగేషన్ తెరిస్తే స్పీడోమీటర్, స్పీడ్ లిమిట్స్ ఉంటాయి, రెండూ ఆన్ చేయండి. వేజ్‌లో స్పీడోమీటర్ సెట్టింగ్‌లో అలర్టును పరిమితి దాటగానే వచ్చేలా పెట్టుకోండి. సొరంగాల్లో జీపీఎస్ అందదు కాబట్టి అక్కడ మాత్రం కారు మీటర్‌నే నమ్మండి.