పొజిషనర్ మార్చాక వాల్వ్ ఒక చివర ఆగిపోతే ముందు ట్యూబులు చూడండి

కొత్త పొజిషనర్ (సిగ్నల్‌కు తగ్గట్టు గాలి పంపి వాల్వ్‌ను నడిపే పరికరం) బిగించాక డబుల్ యాక్టింగ్ వాల్వ్ (తెరవడానికీ మూయడానికీ గాలినే వాడేది) పూర్తిగా తెరుచుకుని, 4 మిల్లీయాంప్స్ సిగ్నల్ ఇచ్చినా 20 ఇచ్చినా కదలట్లేదన్నారు కదా సార్. క్యాలిబ్రేషన్ (సిగ్నల్‌కూ వాల్వ్ స్థానానికీ లెక్క కుదర్చడం) జోలికి అప్పుడే వెళ్లకండి. పొజిషనర్ నుంచి వాల్వ్‌ను నడిపే రెండు గాలి ఛాంబర్లకు వెళ్లే ఔట్ 1, ఔట్ 2 ట్యూబులు తారుమారైతే సరిగ్గా ఇలాగే అవుతుంది. మూసుకోవాల్సిన వాల్వ్ ఇంకా తెరుచుకుంటుంది, సిగ్నల్ అడిగిన స్థానానికీ వాల్వ్ ఉన్న స్థానానికీ తేడా పెరిగేకొద్దీ పొజిషనర్ అటే గాలి తోస్తుంది. వాల్వ్ ఎక్కడుందో పొజిషనర్‌కు తెలిపే ఫీడ్‌బ్యాక్ లివర్ తిరగబడినా ఇదే లక్షణం, అదీ ఒకసారి చూడండి.

ప్రాసెస్ వాళ్లకు చెప్పి వాల్వ్‌ను బైపాస్ చేయించండి (ప్రవాహాన్ని పక్క లైనుకు మళ్లించడం). సప్లై మూసి, రెండు ఛాంబర్లలో గాలి పూర్తిగా పోయాకే నట్లు విప్పండి. ప్రెషర్ మిగిలి ఉంటే స్టెమ్ (వాల్వ్‌ను కదిపే కడ్డీ) ఒక్కసారిగా కదులుతుంది, అక్కడ చేయి పెట్టొద్దు.

సిగ్నల్ పెరిగితే ఏ పోర్టులో గాలి పెరుగుతుందో మాన్యువల్‌లో చూడండి. మీకు 20 దగ్గర తెరుచుకోవాలి కాబట్టి, ఆ పోర్టు నుంచి వాల్వ్‌ను తెరిచే ఛాంబర్‌కే ట్యూబు వెళ్లాలి.

టెఫ్లాన్ టేపు పోర్టు థ్రెడ్‌కు మాత్రమే, అదీ మొదటి చుట్టు వదిలేసి చుట్టండి. ట్యూబును పట్టి ఉంచే ఫెర్రూల్ నట్టుకు అస్సలు వద్దు. టేపు తునక లోపలికి పోతే కొత్త పొజిషనర్ కూడా మొరాయిస్తుంది. గాలి ఇచ్చాక ప్రతి జాయింటుకూ సబ్బునీళ్లు పూసి, బుడగలు రావట్లేదని చూసుకున్నాకే ఆటో క్యాలిబ్రేషన్ పెట్టండి.